ఆత్మగౌరవం ఎవరిది? ఒక రాజకీయ పదంపై డెస్క్ కేస్ స్టడీ

2014 ఫిబ్రవరి 18 మధ్యాహ్నం ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో నెగ్గింది. ఆ సమయంలో సభ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాయంత్రం ఏడింటికల్లా హైదరాబాద్‌లో మా డెస్క్ మీద ఒకే వార్తకు రెండు మొదటి పేజీలు తయారవుతున్నాయి. తెలంగాణ ఎడిషన్లకు ఒకటి, కోస్తా, సీమ ఎడిషన్లకు ఒకటి. వార్త ఒకటే, ఫొటోలు అవే, బాక్సులు కూడా చాలావరకు అవే. బ్యానర్ హెడ్డింగ్ దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది.

నల్లగొండ కుర్రాడు నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అన్నా, విభజన అని పెట్టకే. మనమేమన్న ఒకళ్లది గుంజుకున్నమా? మన రాష్ట్రం మనకొచ్చింది, గంతే." ఎదురు సీట్లో అమలాపురం అమ్మాయి అప్పటికి గంట నుంచి నోరు విప్పలేదు. తలెత్తకుండానే అంది: "ఏర్పాటు అని పెడితే మావాళ్లు పేపరు చింపి పారేస్తారండి. వాళ్లకి వచ్చింది, సరే. మాకు పోయింది కదండీ."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చట్టానికి ఉన్న అసలు పేరు, 'పునర్వ్యవస్థీకరణ', ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ మాటలో ఏడుపూ లేదు, పండగా లేదు. చివరికి ఒక పేజీలో ఒక మాట, రెండో పేజీలో ఇంకో మాట వెళ్లాయి. ఆ నిర్ణయంలో నా సంతకమూ ఉంది.

మాది కోదాడ పక్క పల్లె. అమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట. రెండు ఊళ్ల మధ్య అరగంట ప్రయాణం. అర్ధరాత్రి దాటాక మేనమామ ఫోన్ చేశాడు. "ఏరా, రేపట్నుంచి మేం మీకు పరాయి రాష్ట్రమా?" అన్నాడు. ఆ 'పరాయి' అనే మాట ఆయన నోట అంతకుముందెప్పుడూ వినలేదు. టీవీ చర్చల్లో మాత్రం నెలల తరబడి వింటూనే ఉన్నాను.

ఆ వారంలోనే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. నాయకుల ప్రసంగాల నుంచి మా కాపీల్లోకి, అంటే డెస్క్‌కు వచ్చే వార్తల రాతల్లోకి, కాపీల నుంచి హెడ్డింగుల్లోకి, హెడ్డింగుల నుంచి ఇళ్లలోకి వెళ్లే మాటలను అందులో రాసుకున్నాను. మా డెస్క్‌లో వాటిని బరువు మాటలు అంటాం. ఇప్పుడు కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్‌లోంచి ఒక్క మాట తీసి, దాని చరిత్ర అంతా వాళ్లతో తవ్విస్తాను. ఆ మాట 'ఆత్మగౌరవం'. నాలుగు దశాబ్దాల తెలుగు రాజకీయాల్లో ఇంతమంది చేతులు మారిన మాట ఇంకోటి నాకు కనిపించలేదు.

పదం ఎలా కట్టి ఉంది

ఛందస్సులో గురువు, లఘువు అంటాం. గురువు బరువైనది, లఘువు తేలికైనది. ఆ గురువు నుంచి వచ్చిందే గౌరవం. అంటే పుట్టుకలోనే బరువున్న మాట.

పరువు, రోషం, పౌరుషం, అభిమానం కూడా ఆ చుట్టుపక్కల తిరిగే మాటలే. వాటిలో ఏదీ 1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీ జెండా మోయగలిగేది కాదని నా అభిప్రాయం. పరువు అనే మాట ఎక్కువగా పోయినప్పుడే గుర్తొస్తుంది: పరువు పోయింది, పరువు తీశాడు. రోషంలో కోపం పాలు ఎక్కువ. పౌరుషంలో పురుషుడు కూర్చుని ఉన్నాడు, సభకు వచ్చిన ఆడవాళ్లకు అందులో చోటు లేదు. ఇక అభిమానం అనే మాట అప్పటికే సినిమా హాళ్ల దగ్గర కటౌట్లకు దండలు వేసేవాళ్లది అయిపోయింది. మూడు దశాబ్దాలు తెర మీద రాముడిగా, కృష్ణుడిగా నిలిచిన నటుడు వేదికెక్కి 'అభిమానం' అంటే జనానికి సినిమానే వినిపించేది. 'ఆత్మగౌరవం' అలా కాదు. సంస్కృతం కాబట్టి గంభీరంగా ఉంటుంది, బడికి పోనివాళ్లకూ అర్థమవుతుంది. పోగొట్టుకోవచ్చు, తిరిగి తెచ్చుకోవచ్చు. ఎన్నికల్లో నిలబడే పార్టీకి ఆ రెండోది ముఖ్యం.

బేగంపేట

మాటకు ముందు గాయం ఉండాలి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీకి స్వాగతం పలకడానికి జనం, డప్పులు, దండలతో ముఖ్యమంత్రి టి.అంజయ్య వచ్చారు. ఆ హడావిడి చూసి రాజీవ్ ఆయనను అందరి ముందూ చీవాట్లు పెట్టారు. రాజీవ్ అప్పటికి ప్రధాని కాదు, ప్రధాని కుమారుడు, ఒక ఎంపీ. ఎదురుగా ఉన్నది ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి. ఆ నెల తిరక్కుండానే అంజయ్య పదవి పోయింది.

ఇక్కడ నా శిక్షణార్థుల్ని ఆపి ఒక విషయం చూడమంటాను. అప్పటిదాకా అంజయ్య మీద రాష్ట్రంలో జోకులకు కొదవ లేదు. ఆయన పెద్ద మంత్రివర్గానికి 'జంబో' అని పేరు పెట్టింది మనవాళ్లే. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా పనిచేసి పైకి వచ్చిన మనిషి అన్న గౌరవం ఆయనకు మేధావులూ ఇవ్వలేదు, పత్రికలూ పెద్దగా ఇవ్వలేదు. ఇంటివాణ్ణి మనం ఏమైనా అనుకుంటాం, బయటివాడు వాకిట్లో నిలబడి అంటే ఓర్చుకోం. విమానాశ్రయంలో ఆ కొద్ది నిమిషాలు జరగకపోతే 'ఆత్మగౌరవం' నిఘంటువులోనే ఉండిపోయేది.

కొద్ది వారాలకే, 1982 మార్చి 29న, హైదరాబాద్‌లో ఎన్.టి.రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. పాత చెవ్రొలే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చి ఊరూరా తిరిగారు. తొమ్మిది నెలల తర్వాత, 1983 జనవరిలో, 294 స్థానాల అసెంబ్లీలో 200కు పైగా గెలిచారు. రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి అధికారం వదలని కాంగ్రెస్ ఓడిపోయింది.

ప్రచారంలో ఆ మాట ఒంటరిగా రాలేదు. ముందు ఒక సంఖ్య వచ్చింది: 'ఆరు కోట్ల ఆంధ్రులు'. 1981 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా దాదాపు 5 కోట్ల 35 లక్షలు. 'ఐదు కోట్ల ముప్పై ఐదు లక్షల ఆంధ్రుల ఆత్మగౌరవం' అని ఎవరూ నినదించలేరు. ఆ సంఖ్య లెక్క చెప్పడానికి పెట్టింది కాదు, 'నువ్వు కూడా ఇందులో ఉన్నావు' అని చెప్పడానికి పెట్టింది. సంఖ్య వెంట బంధుత్వం వచ్చింది. 'తెలుగింటి ఆడపడుచులు' అని పిలిచేసరికి ఆయన అన్న అయ్యారు. మన ఇళ్లలో ఆడపడుచు అనే మాటకు పసుపు కుంకుమ, సారె, పుట్టింటి హక్కు అన్నీ ముడిపడి ఉంటాయి. ఆ పిలుపు మాటతోనే ఆగిపోలేదని కూడా చెప్పాలి. తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ 1986లో రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతా ఆ పని చేయడానికి 2005 దాకా పట్టింది.

శిక్షణలో బరువు మాటకు మూడు ప్రశ్నలు వేయిస్తాను. ఎవరిది? ఎవరివల్ల పోయింది? ఏం దొరికితే తిరిగొస్తుంది? తర్వాత ఆ మాట తీసేసి, జవాబుల్ని మామూలు తెలుగులో రాయమంటాను. 1982 ప్రసంగాలను అలా విప్పితే ఇలా వస్తుంది: 'ఐదేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, నలుగురు ముఖ్యమంత్రులు మారారు. మార్చింది ఢిల్లీ అధిష్ఠానం. మన ముఖ్యమంత్రిని మనమే ఎన్నుకునేలా ఇక్కడి పార్టీకి ఓటెయ్యండి.' ఇది వాదన. సరైన వాదనే. కానీ ఇలా విప్పగానే ఇంకో ప్రశ్న కూడా బయటపడుతుంది: ఆ నలుగురిని మార్చమని ఢిల్లీకి ఫిర్యాదులు మోసుకెళ్లింది ఎవరు? ఇక్కడి ముఠాలే. 'ఢిల్లీ అవమానించింది' అన్నప్పుడు ఆ ముఠాల పాత్ర కనిపించదు. బరువు మాట అబద్ధం చెప్పక్కర్లేదు, వెలుగు ఒక వైపే వేస్తే చాలు.

1984 ఆగస్టులో మాత్రం ఆ మాట అవసరమే లేకుండా విషయం అందరికీ కనిపించింది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ముఖ్యమంత్రిని గవర్నర్ రాంలాల్ ఆగస్టు 16న బర్తరఫ్ చేశారు. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో, తన ఎమ్మెల్యేలతో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి బలం చూపించారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజుల్లో రాసిన కాపీలను చదివితే విశేషణాలు లేని చోటే వార్తకు ఎక్కువ బలం ఉంది. ఎవరు ఎవరిని తీసేశారో, ఎంతమంది ఎమ్మెల్యేలు ఎటు నిలబడ్డారో రాస్తే చాలింది. ఆ డిసెంబర్‌లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీచినా ఇక్కడ 42 లోక్‌సభ స్థానాల్లో 30 తెలుగుదేశానికి వచ్చాయి.

ఆరు కోట్లలో ఎవరు

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను చంపారు. ఆత్మగౌరవం పేరుతో వచ్చిన ప్రభుత్వమే అప్పుడు అధికారంలో ఉంది. ఆ తర్వాత కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో దళిత మహాసభ లేచింది. దళితుల ఆత్మగౌరవం అనే మాట బలంగా వినిపించింది. మూడు ప్రశ్నల్లో మొదటిది, 'ఎవరిది?', అప్పుడే గట్టిగా అడిగారు. ఆరు కోట్ల మందిని ఒక్క తెలుగువాడిగా చూపిన మాటలో మంచినీళ్ల చెరువు దగ్గర తన్నులు తినేవాడు ఎక్కడున్నాడు?

ఇక్కడ డెస్క్‌ల గురించి ఒక మాట చెప్పాలి. మేం ఉద్వేగపు మాటలనే అనుమానిస్తాం, చల్లటి మాటలను అనుమానించం. ఒక వర్గం ఇంకో వర్గం మీద పడి చంపితే కాపీలో 'ఇరువర్గాల ఘర్షణ' అని వస్తుంది. ఘర్షణలో రెండు చేతులుంటాయి. చచ్చినవాడి చేతిలో కూడా కర్ర పెట్టే మాట అది. అది కూడా బరువు మాటే. బరువంతా ఒక వైపు మోపి, తేలిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. నా నోట్‌బుక్‌లో 'ఘర్షణ'కు రెండు పేజీలు పట్టాయి.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగల హక్కుల ఉద్యమం, మాదిగ దండోరా, మొదలైంది. మంద కృష్ణ మాదిగతో పాటు ఎంతోమంది పేరు చివర కులం పేరు పెట్టుకోవడం మొదలుపెట్టారు. తిట్టుగా వాడిన మాటను తలపాగాలా చుట్టుకున్నారు. నాయకుడు ఇచ్చిన మాట కాదది, దెబ్బ తిన్నవాళ్లు తమంతట తాము తీసుకున్న మాట. దానిలో మూడు జవాబులూ ఉన్నాయి: ఎవరిదో పేరులోనే ఉంది, ఎవరివల్ల పోయిందో ఊరందరికీ తెలుసు, తిరిగి రావడానికి ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాల వారీగా పంచడం, కావాలన్నారు. అది సాధ్యమేనని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 ఆగస్టు 1 దాకా పట్టింది.

ఆరు వందల పది

నా శిక్షణలో ఎక్కువ సమయం తీసుకునే భాగం ఇది.

1985 డిసెంబర్ 30న ఎన్టీఆర్ ప్రభుత్వం జీవో 610 ఇచ్చింది. ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇచ్చే 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణ జిల్లాల్లో నియమితులైన స్థానికేతరులను వాళ్ల జోన్లకు పంపాలన్నది దాని సారం. అలాంటివారు దాదాపు 59 వేల మంది ఉన్నారని అధికారుల కమిటీ లెక్క తేల్చింది. గడువు 1986 మార్చి 31. ఆ గడువు దాటింది, ఏళ్లు గడిచాయి, జీవో కాగితం మీదే ఉండిపోయింది. 2001లో దాని అమలును చూడటానికి గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది.

ఆ ఏడాదే, 2001 ఏప్రిల్ 27న, కె.చంద్రశేఖర్ రావు తెలంగాణ రాష్ట్ర సమితిని ప్రారంభించారు. సభల్లో 'ఆరు వందల పది' అనగానే చప్పట్లు మోగేవి. మూడంకెల సర్కారీ నంబరు అది. అందులో ఉపమానం లేదు, ప్రాస లేదు. అయినా వరంగల్‌లోనో, కరీంనగర్‌లోనో ఒక డిగ్రీ కుర్రాడికి ఆ నంబరు చెబితే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇచ్చిన మాట, తప్పిన మాట రెండూ అందులోనే ఉన్నాయి. ఉద్వేగం పుట్టేది మాట శబ్దంలో కాదని, మాట వెనక నిలిచిపోయిన బాకీలో అని నేను నేర్చుకున్నది ఈ నంబరు దగ్గరే.

ఇప్పుడు రెండు కాలాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1982లో అవమానం పొందిన అంజయ్య తెలంగాణ మనిషి. ఆయన అవమానాన్ని తెలుగువాళ్లందరూ తమదిగా తీసుకున్నారు. అదే ప్రాంతం రెండు దశాబ్దాల తర్వాత అదే మాటను ఎత్తుకుని, ఈసారి ఎవరివల్ల పోయింది అన్న ప్రశ్నకు ఢిల్లీని కాక హైదరాబాద్ సచివాలయాన్ని, దాన్ని నడిపిన తోటి తెలుగువాళ్లను చూపించింది. సినిమాల్లో తెలంగాణ యాస విలన్ల అనుచరులకు, హాస్యగాళ్లకు కేటాయించి నవ్వుకున్న ఏళ్లన్నీ ఆ జవాబుకు సాక్ష్యంగా నిలిచాయి. మా సొంత డెస్క్‌లో కూడా తెలంగాణ కంట్రిబ్యూటర్ (ఊరి నుంచి వార్తలు రాసి పంపే విలేకరి) కాపీ వస్తే 'భాష సరిచేయాలి' అనేవాళ్లం. నేనూ సరిచేశాను. కోదాడవాణ్ణై ఉండీ, మా ఊరి మాటను కొట్టేసి పుస్తకాల మాట పెట్టాను. దానికి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ట్యాంక్‌బండ్ మీది విగ్రహాల కథ ఇందులో భాగమే. తెలుగువారి ఆత్మగౌరవానికి గుర్తుగా 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెలుగు వెలుగుల విగ్రహాలు అక్కడ పెట్టించింది. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ రోజు వాటిలో కొన్ని కూలాయి, కొన్ని హుస్సేన్‌సాగర్‌లో పడ్డాయి. తర్వాత తిరిగి నిలబెట్టారు. ఒకరి ఆత్మగౌరవ చిహ్నం ముందు ఇంకొకరు తమ ఆత్మగౌరవం కోసం నిలబడ్డారు. కవుల విగ్రహాలు పడటం నన్ను కలచివేసింది. ఆ వరసలో మావాళ్లు ఎందరున్నారు అని మిత్రులు అడిగినప్పుడు వాళ్లతో కూర్చుని లెక్కపెట్టాను కూడా. రెండూ నిజాలే.

తెలంగాణ ఉద్యమ నినాదాల్లో 'నీళ్లు, నిధులు, నియామకాలు' అన్నదానికి నా లెక్కలో పెద్ద మార్కులు. మూడు మాటలూ 'న'తో మొదలై నాలుక మీద నిలుస్తాయి. మూడింటినీ లెక్కపెట్టవచ్చు. ఎన్ని టీఎంసీలు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అని గెలిచినవాళ్లను తర్వాత అడగవచ్చు. తెలంగాణలో అడిగారు కూడా. నియామకాలు ఏవని నిరుద్యోగులు ఏళ్ల తరబడి సొంత ప్రభుత్వాన్నే నిలదీశారు. 1966 నాటి 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' కూడా అలాంటిదే. కావాల్సింది ఏమిటో నినాదంలోనే ఉంది: ఫ్యాక్టరీ. కాబట్టే 2021లో ప్రైవేటీకరణ మాట రాగానే పాత నినాదాన్ని ఒక్క అక్షరం మార్చకుండా వాడుకోగలిగారు.

బలిదానం

2009 చివరి నుంచి తెలంగాణలో యువకులు ప్రాణాలు తీసుకోవడం మొదలైంది. కాపీలు 'ఆత్మబలిదానం' అని వచ్చేవి. నాయకులు వేదికల మీద అదే మాట అనేవాళ్లు. హెడ్డింగుల్లో మేమూ పెట్టాం.

ఒకసారి ఒక కాపీలో దాన్ని 'ఆత్మహత్య' అని మార్చాను. మర్నాడు ఆ పిల్లవాడి తండ్రి డెస్క్‌కు ఫోన్ చేశాడు. కోప్పడలేదు. "ఆత్మహత్య అని రాయకుండ్రి సార్. మా పిలగాడు పిరికోడు గాదు," అన్నాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను. అదే వారంలో ఒక హాస్టల్ వార్డెన్ కార్యాలయానికి వచ్చాడు. మీరు బలిదానం అని పెద్ద అక్షరాల్లో వేసిన పేజీని మా పిల్లలు గదిలో గోడకు అంటించుకుంటున్నారు సార్, నాకు నిద్ర పట్టడం లేదు, అన్నాడు.

ఒకే మాట. ఒక తండ్రికి అది కొడుకు పరువు, ఇంకొకరికి రేపటి భయం. దీనికి తేలిక పరిష్కారం లేదు. డెస్క్‌లో రెండు రోజులు వాదించుకుని ఒక పద్ధతికి వచ్చాం. హెడ్డింగులో బలిదానం అని రాయం, ఆత్మహత్య అని కూడా రాయం. 'యువకుడి మృతి' అంటాం. తండ్రి ఏమన్నాడో ఆయన మాటల్లోనే, ఉటంకింపు గుర్తుల మధ్య, లోపల రాస్తాం. ఎలా చనిపోయాడన్న వివరాలు రాయం. నాయకుడి ప్రసంగంలో ఆ మాట వస్తే ఆయన అన్నట్టుగానే వేస్తాం, మా వాక్యంలోకి తెచ్చుకోం. ఆ పద్ధతి మొదటి నుంచీ పాటించి ఉండాల్సింది. మొదటి వారాల్లో మేం వేసిన పేజీలను ఎవరూ వెనక్కి తేలేరు. సరిహద్దుకు రెండు వైపులా బతికున్న కుర్రాళ్లను చూసినప్పుడల్లా ఆ పేజీలు గుర్తొస్తాయి.

ఈ కేస్ స్టడీలో నేను అన్నిటికన్నా ముందు చెప్పదలుచుకున్నది ఇదే. బరువు మాటను మాట్లాడే హక్కు మాట్లాడేవాడిది. ఆ బరువును హెడ్డింగ్ మీదికి ఎత్తుకోవడం మన పని కాదు. అలా అని చెరిపేయడమూ మన పని కాదు, చెరిపితే ఆ తండ్రిని చెరిపినట్టు.

హోదా అనే అనువాదం

2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఇదే కథ ఇంకో దారిన నడిచింది. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక కేటగిరీ ప్రతిపత్తి ఉంటుందని ప్రకటించారు. ఆర్థిక భాషలో అది నిధుల నిష్పత్తికి సంబంధించిన ఏర్పాటు. కేంద్ర పథకాల ఖర్చులో కేంద్రం 90 శాతం, రాష్ట్రం 10 శాతం భరించడం అందులో ప్రధానం. తెలుగు పత్రికల్లో దానికి స్థిరపడిన మాట 'ప్రత్యేక హోదా'. హోదా అంటే మన వాడుకలో అంతస్తు, దర్జా. కలెక్టర్ హోదా, కేబినెట్ హోదా అంటాం. అప్పటికే రాజధాని పోయి, 'కట్టుబట్టలతో పంపించారు' అన్న మాట ప్రతి నోటా ఉన్న చోట, నిధుల నిష్పత్తికి గౌరవాన్ని సూచించే పేరు దొరికింది. 2016 సెప్టెంబర్‌లో కేంద్రం దానికి బదులు ప్యాకేజీ ప్రకటించినప్పుడు చర్చ ఎన్ని కోట్లు అన్నదాని మీద నిలబడలేదు. హోదా ఇస్తామని ప్యాకేజీ ఇచ్చారన్న చోటే ఆగిపోయింది. 'ప్యాకేజీ' తిట్టు మాట అయింది. 2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీఏ నుంచి బయటికి వచ్చినప్పుడు ఆంధ్రుల ఆత్మగౌరవం మళ్లీ వేదికెక్కింది, మళ్లీ ఢిల్లీకి ఎదురుగా.

జనం మోసపోయారని నేను అనను. మాట ఇచ్చి తప్పారన్నది నిజం. కానీ ఆ నాలుగేళ్లలో మా పేజీల్లో '90:10' అన్న అంకె ఎన్నిసార్లు వచ్చింది, 'హోదా' ఎన్నిసార్లు వచ్చింది అని శిక్షణార్థుల చేత ఒక నెల పేపర్లు లెక్కపెట్టిస్తే, వాళ్లే తలలు పట్టుకుంటారు.

ఇంకో ఉదాహరణ క్లుప్తంగా. 2014 ఎన్నికల ప్రచారంలో నరేంద్ర మోదీ నోట వచ్చిన పోలిక ఒకటి చాలాకాలం తిరిగింది. కాంగ్రెస్ తల్లిని చంపి బిడ్డను బతికించిందన్నది ఆ పోలిక. కోస్తాలో అది విన్నవాళ్లకు గుండె చెరువైంది. తెలంగాణలో విన్నవాళ్లు, 'అంటే మేం తల్లిని చంపి పుట్టినోళ్లమా?' అని మండిపడ్డారు. తల్లి అనే మాటకన్నా బరువైన మాట మనకు లేదు. దాన్ని ఒక ఊళ్లో వదిలితే పక్క ఊరికి కూడా వినిపిస్తుంది. వక్త ఒక్క సభనే చూస్తాడు. రెండు రాష్ట్రాల ఎడిషన్లు పెట్టే డెస్క్ రెండు సభలనూ చూడాలి.

ఇప్పుడు ఏం చేస్తున్నాం

2021 జూన్‌లో హుజూరాబాద్ నుంచి ఒక కంట్రిబ్యూటర్ కాపీ వచ్చింది. తెలంగాణ రాష్ట్ర సమితిని వదిలిన మాజీ మంత్రి ఈటల రాజేందర్ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసిన సందర్భం. కాపీ మొదటి వాక్యంలోనే 'ఆత్మగౌరవ పోరాటానికి శ్రీకారం' అని ఉంది. ఫోన్ చేశాను.

"తమ్మీ, ఎవరి ఆత్మగౌరవం?"

"హుజూరాబాద్ ప్రజలదన్నా."

"ఆయనన్నడా, నువ్వన్నవా?"

కాసేపు ఆగాడు. "ఆయనన్నదే, నేను రాసిన."

"మరి ఆయనన్నడని రాయి. ఏం జరిగిందో కూడా రాయి."

పది నిమిషాల్లో కొత్త లీడ్ పంపాడు. భూముల ఆరోపణల తర్వాత మే నెలలో ఆయనను మంత్రివర్గం నుంచి తొలగించడం, ఆ ఆరోపణలను ఆయన తోసిపుచ్చడం, పార్టీని, పదవిని వదలడం, ఇది ఆత్మగౌరవ పోరాటమని ఆయన అనడం వరసగా ఉన్నాయి. మాట పోలేదు, దాని చోట అది ఉంది. ఎన్నిక అక్టోబర్ 30న జరిగే దాకా అదే పద్ధతిలో నడిచాం. అవతలి పక్షమైన తెలంగాణ రాష్ట్ర సమితి ప్రభుత్వం దళితబంధు కింద దళిత కుటుంబానికి 10 లక్షల రూపాయల పథకం తెచ్చినప్పుడు ఆ మాటకూ అవే మూడు ప్రశ్నలు వేశాం. 'బంధు' కూడా చుట్టరికం మాటే కదా. ఎవరికి, ఎప్పటికి, ఎంతమందికి అందింది అని అడిగి రాశాం.

నోట్‌బుక్‌లో ఈ మాటకు సంబంధించిన చివరి పేజీ వేరే రకం. హైదరాబాద్‌లో బీసీ కులాలకు 'ఆత్మగౌరవ భవనాలు' కట్టిస్తామని తెలంగాణ ప్రభుత్వం కోకాపేట, ఉప్పల్ భగాయత్‌లలో స్థలాలు కేటాయించింది. 1982లో చైతన్యరథం మీద మొదలైన మాట ఇప్పుడు భూమి కేటాయింపు ఉత్తర్వుల్లో, శిలాఫలకం మీద ఉంది. ఈ బ్యాచ్‌లో కుర్మ కులానికి చెందిన అమ్మాయి ఒకతె ఉంది. ఆ వార్త నేను చేస్తాను సార్ అని తనే అడిగింది. భవనం పేరు భవనం పేరుగా రాయి, దాని మీద వ్యాఖ్య వద్దు, ఏ కులానికి ఎన్ని ఎకరాలు, ఎన్నిటికి పునాది పడింది, ఎన్నిటికి స్లాబు పడింది చూసి రా అన్నాను. నిన్న ఉప్పల్ వెళ్లింది. ఇవాళ కోకాపేట.